మాటకి మడి లేదన్న మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నాకు బడిలో తెలిసింది. విజయనగరం నుంచి రోజూ రైల్లో వచ్చే మా లెక్కల టీచరు గొడుగు మూలన పెడుతూ, "కాలేజీలో మీకు భాషాశాస్త్రం చెప్పినాయన నిన్న సాయంత్రం పోయారటండీ, గుండెపోటట" అంది. నేను చేతిలో సుద్దముక్కతో నిలబడి, "అయ్యో, చాలా విచారకరమైన విషయమండీ" అన్నాను. ఆ వాక్యం నా చెవులకే రేడియోలో వార్తలు చదివినట్టు వినబడింది. ఈలోగా గంట కొట్టారు. క్లాసుకి వెళ్లి పాఠం చెప్పేశాను. అలా ఎలా చెప్పగలిగానో తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గుగా ఉంది.

మాది పాతపట్నం దగ్గర చిన్న పల్లె. వరీ, మేం చోడి అనే రాగులూ పండించుకునే ఇల్లు. స్వాతంత్ర్యం వచ్చి ఇరవయ్యేళ్లు కావస్తున్న రోజుల్లో మా పిన్ని ఇంట్లో ఉండి విజయనగరంలో బి.ఎ.లో చేరాను. తెలుగు ముఖ్యపాఠ్యం, అందులో భాషాశాస్త్రం ఒక పేపరు. దాన్ని అభిమానించి చదివినవాళ్లు ఎవరూ లేరు. కావ్యాలు చెప్పే పెద్దాయన క్లాసుకి పక్క క్లాసుల వాళ్లు కూడా వచ్చి గోడలకి ఆనుకుని నిలబడేవారు. మా మాస్టారి క్లాసుకి హాజరు భయం ఉన్నవాళ్లమే వెళ్లేవాళ్లం. ఆడపిల్లలం ముందు బెంచీ మీద ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చునేవాళ్లం. నేను నోరు విప్పేదాన్ని కాదు. విప్పితే ఏ ఊరిదాన్నో తెలిసిపోతుందని భయం.

ఆయన ఎండాకాలంలో కూడా కోటు వేసుకునేవారు. పైజేబులో సుద్దముక్కలు ఉండడం వల్ల గుండె దగ్గర ఎప్పుడూ తెల్లటి మచ్చ ఉండేది. మాట మాత్రం కడిగిన ముత్యం. ఏ పండితుల ఇంట పుట్టారో అనుకునేవాళ్లం. మొదటి రోజు ఆయన బోర్డు మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు. "కాసేపు మాట్లాడకుండా కూర్చోండి. బయట ఏం వినిపిస్తోందో వినండి" అన్నారు. రోడ్డు మీద ఉప్పు అమ్మే ఆమె కేక, రిక్షా బెల్లు, ఎవరో ఎవరినో తిట్టడం వినిపించాయి. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. ఆయన పట్టించుకోలేదు. "చెవి ముందు, పలక తర్వాత" అన్నారు. ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నామో!

ఆయన వినే పిచ్చి గురించి కాలేజీలో కథలు ఉండేవి. ఓసారి పనిమీద శ్రీకాకుళం వెళ్తూ, దిగాల్సిన స్టేషన్లో దిగకుండా నౌపడ దాకా పోయారు. రైలుపెట్టెలో ఉప్పుకొఠారుల్లో పనిచేసే ఆడవాళ్లు ఇద్దరు పోట్లాడుకుంటున్నారట, ఆ పోట్లాట సగంలో వదిలి దిగబుద్ధి కాలేదట. "చివరికి ఎవరు గెలిచారు సార్?" అని అడిగాడు ఒక కుర్రాడు. "నేనే" అన్నారాయన. నవ్వాలో వద్దో తెలియక మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

రెండో సంవత్సరంలో ఒకరోజు జిల్లాల నుడికారం గురించి చెబుతూ నావైపు తిరిగి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు. చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "రా, ఇలా ముందుకొచ్చి నిలబడు. మీ అమ్మ చోడి అంబలి ఎలా కాస్తుందో, ఇంట్లో చెప్పినట్టే చెప్పు."

లేచాను. ఇంట్లో చెప్పినట్టే అన్నారు కదా అని మొదలుపెట్టాను. "సోడిపిండి రేతిరే నానేసీసి ఉంచుతాదండి. తెల్లారినాక ఎసరు మరిగించి, పిండి పోసి, అడుగంటకండ కలుపుతానే ఉండాల..." అంతే, వెనకనుంచి నవ్వు లేచింది. మాస్టారికి ఆ నవ్వు వినిపించలేదు. ప్రపంచంలో ప్రతి చప్పుడూ వినే మనిషికి అదొక్కటే వినిపించలేదు. "ఆహా, మళ్లీ అను" అంటూ నా మాటల్ని ఏవో గుర్తుల్లో బోర్డు నిండా రాసుకుపోతున్నారు. మళ్లీ అన్నాను. మళ్లీ నవ్వారు. సంతలో పళ్లు చూపించే గేదెలా నిలబడ్డాను. ఆ రోజు నాకు వేసిన సిగ్గు మామూలు సిగ్గు కాదు. నా ఒక్కదాని మీదే కాదు, అంబలి కాసే మా అమ్మ మీద కూడా పడిన సిగ్గు.

మర్నాటి నుంచి సైకిళ్ల మీద పోతూ కుర్రాళ్లు, "అంబలి అయిపోనాదేటి?" అని అరిచేవారు. నేను తలనొప్పి అని ముసుగు తన్నాను. చదువు మానేస్తానని నాన్నకి కబురు పెట్టేద్దామనుకున్నాను. మానేస్తే ఏమవుతుందో తెలుసు. మా ఇంట్లో అప్పటికే సంబంధాలు చూస్తున్నారు, చదువు ఒక్కటే దానికి అడ్డు. అయినా సరే, ఆ క్లాసులోకి మళ్లీ వెళ్లడం కంటే అదే నయమనిపించింది. పిన్ని మాత్రం ఊరుకోలేదు. "ఏటే, ఇంకా ఎన్నాళ్లు తొంగుంటావు? మీ అయ్య వచ్చి అడిగితే నానేటి సెప్పాలి?" అని రోజూ గొణుగుడే.

ఒక మధ్యాహ్నం మాస్టారు సైకిలు మీద మా ఇంటికొచ్చారు. పిన్ని కుర్చీ వేసినా కూర్చోలేదు. వీధి అరుగు దగ్గరే నిలబడి, "తప్పు నాదమ్మా. చెట్టు కొమ్మ విరిచి తెచ్చి క్లాసులో చూపించినట్టు నిన్ను చూపించాను. నిన్ను అడగనైనా అడగలేదు" అన్నారు. నేను తలుపు వెనక మంచం మీద ముసుగులోంచే వింటున్నాను. "రేపు రా. మాట్లాడొద్దు. ఊరికే వచ్చి కూర్చో" అని చెప్పి వెళ్లిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో పిన్ని నా ముసుగు లాగేసింది. "కాలేజీ మేస్టరు గుమ్మంలోకొచ్చి తప్పయిపోనాదంటే, ఇంకా తొంగుంటావేటే? లెగు!"

మర్నాడు వెళ్లాను. మాస్టారు క్లాసులోకి వస్తూనే కోటు విప్పి కుర్చీకి తగిలించారు. ఆయన్ని కోటు లేకుండా చూడడం అదే మొదటిసారి. చొక్కా భుజం దగ్గర మాసిక ఉంది. నన్ను పిలిచి సుద్దముక్క చేతికిచ్చి, "ఇవాళ నువ్వు రాయి. నేను చెబుతాను" అని, నేను ఆవేళ నిలబడ్డ చోటే నిలబడ్డారు.

"మాది కలింగపట్నం దగ్గరండి" అని మొదలుపెట్టారు. "నన్ను పెద్దబడిలో ఏయడానికి మా అయ్య కావిడి మీద నా గుడ్డలు, బియ్యం మోసుకొచ్చినాడు. ఇస్కూలు గుమ్మం కాడ అయ్యోర్ని సూసి, 'బావూ, మా గుంటణ్ణి కాస్త సూసుకోండి' అన్నాడు. లోపల గుంటలందరూ నవ్వీసినారు. నాకు సిగ్గేసీసినాది. మా అయ్యనక్కడే ఒగ్గీసి లోపలికెల్లిపోనాను. ఎనక్కి తిరిగి సూడనేదు. సాయంత్రం బయటికొస్తే బియ్యం మూట ఉన్నాది, అయ్య కనపడనేదు."

మొదట్లో వెనక బెంచీల్లో ఒకరిద్దరు నవ్వబోయారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. గంట కొట్టేదాకా ఆయన అలాగే మాట్లాడారు. చెవులు ఎర్రబడ్డాయి. నా చేతిలో సుద్ద ఆగిపోతే, "రాయమ్మా, ఆపకు" అనేవారు. ఆ గంటలో నేర్చుకున్నంత భాషాశాస్త్రం నేను మూడేళ్ల చదువు మొత్తంలో నేర్చుకోలేదు. అందరూ వెళ్లిపోయాక కోటు తొడుక్కుంటూ, "చాలా సిగ్గేసిందమ్మా" అన్నారు, చిన్నపిల్లాడు చెప్పినట్టు. "ఇన్నేళ్లు పాఠం చెప్పాను గానీ ఈ సిగ్గు నాలో ఇంత ఉందని నాకే తెలీదు." నేను నమస్కారం పెట్టి పారిపోయాను.

కుర్రాళ్ల ఎగతాళి పూర్తిగా ఆగలేదు గానీ దానిలో కారం పోయింది. ఓసారి ఒకడు అంబలి మాటెత్తితే, "గిన్నె తెచ్చుకోరా, పోస్తాను" అన్నాను. వాడు సైకిలు మీంచి పడినంత పనయింది. కావ్యాల పెద్దాయన మాత్రం, క్లాసులో మోటు మాటలు బోర్డుకెక్కిస్తున్నారని గొడవ చేశారు. దానికి మా మాస్టారు వరండాలో, మేమంతా వింటూండగా, "మాటకి మడి లేదండీ. ఎవరు ముట్టుకున్నా మైలపడదు" అన్నారు. ఆ మాట నేను గుండెలో రాసుకున్నాను అని ఇక్కడ రాస్తే బాగుంటుంది. కానీ నిజం వేరు.

బి.ఎ. అయ్యాక శ్రీకాకుళంలో ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. చేరిన కొత్తలోనే పెద్ద టీచరమ్మ నా మాట విని కనుబొమలు పైకెత్తింది. తిట్టలేదు, దిద్దలేదు. ఆ చూపు చాలింది నాకు. నెలల్లో నాలుకని చింతపండు పెట్టి తోముకున్నాను. ఇంటికెళ్తే అమ్మ, "ఏటే, మాతో కూడా ఇస్కూల్లో మాటాడినట్టు మాటాడతావు?" అని నవ్వేది. నేనూ నవ్వేసేదాన్ని. ఎవరి కోసం తోముకున్నానో, దేని కోసమో, నిజంగా ఆలోచించింది మాస్టారు పోయాకనే.

కబురు తెలిసిన తర్వాత ఆదివారం విజయనగరం వెళ్లాను. మాస్టారింటి వాకిట్లో కాలేజీ వాళ్లు బల్లల మీద కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకుంటున్నారు. పెరటి గుమ్మం దగ్గర మాస్టారి అప్ప, అంటే అక్కగారు, కూర్చుని ఉంది. ఊరినుంచి వచ్చింది. రాగం తీసి ఏడుస్తోంది. "ఓ తమ్ముడా... నా సిన్న తమ్ముడా... ఏరు దాటించి బడికంపితే ఎనక్కి రాకండ ఎల్లిపోనావా తమ్ముడా..." బల్లల మీద పెద్దమనుషులు చేతి గడియారాలు చూసుకుంటున్నారు. మాస్టారి అబ్బాయి వచ్చి, "అత్తా, మెల్లగా. అందరూ వింటున్నారు" అన్నాడు. వింటే ఏమయ్యా అందామనుకున్నాను గానీ, వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

మా వైపు ఆడవాళ్ల ఏడుపుకి ఒక పద్ధతి ఉంది. పలకరించడానికి వచ్చిన మనిషి మెడ పట్టుకుని ఇంటి మనిషి ఒక మాట ఎత్తుకుంటుంది. వచ్చిన మనిషి దానికి తన మాట కలపాలి. పోయినవాళ్లు తనకేమయ్యారో, తనకేం చేశారో చెప్పుకుని ఏడవాలి. ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటే పలకరించినట్టు కాదు. మా నాయనమ్మ పోయినప్పుడు అమ్మ పక్కన కూర్చుని చిన్నపిల్లనై ఉండి నేనూ ఏడ్చాను, మాటలు వాటంతటవే వచ్చేవి.

"నువ్వెవరివి తల్లీ?" అందావిడ. "ఆయన దగ్గర చదువుకున్నానండి" అన్నాను. అంతే, నా మెడ చుట్టూ చేతులు వేసింది. "నీ మేస్టరు ఎల్లిపోనాడమ్మా... నీకు సదువు సెప్పినోడు ఎల్లిపోనాడమ్మా..." అని ఎత్తుకుని ఆగింది. ఇక నా వంతు. ఆవిడ ఊపిరి నా చెవికి తగులుతోంది. నాకు చెప్పుకోవడానికి ఎంత ఉంది! గుమ్మం దాకా వచ్చి అన్న మాట ఉంది, ఎర్రబడ్డ చెవులున్నాయి, నా చదువు, నా ఉద్యోగం, నా బతుకు ఆయన పెట్టిన భిక్ష అని ఉంది. నోరు తెరిచాను. "మాస్టారు చాలా గొప్పవారండీ. మాకు తీరని లోటు" అన్నాను.

అంతకంటే ఒక్క ముక్క రాలేదు. ఎంత వెతికినా రాలేదు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆవిడ వెనక్కి జరిగి నా మొహంలోకి చూసింది. వెక్కిరింపు లేదు, కోపం లేదు. చీరచెంగుతో నా కళ్లు తుడిచింది.

"పరవానేదులే తల్లీ. సదూకున్న పిల్లవి, నీకు రాదు. నీ వంతు కూడా నానే ఏడుస్తానులే" అంది.

మళ్లీ నా మెడ పట్టుకుని, ఈసారి తనే నేనై ఎత్తుకుంది. "ఓ మేస్టరా... నా మేస్టరా... ఏ పల్లెటూరి గుంటనో నాను మేస్టరా... నన్ను కూతురనుకుని సదువు సెప్పినావు మేస్టరా..." వాకిట్లో వాళ్లు ఇటే చూస్తున్నారు. ఆవిడ గొంతు తగ్గించలేదు. నేను ఆవిడ భుజం మీద తల పెట్టుకుని, ఆవిడ ఆగిన ప్రతిచోటా ఊ కొడుతూ కూర్చున్నాను.