రెండు కంపెనీల ఫోన్లు, ఆరు ఊళ్ళు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక వేసవిలో నన్ను కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆరోగ్య పర్యవేక్షకురాలిగా వేశారు. ఇంటింటికీ తిరిగే ఏఎన్‌ఎంలు, అంటే గ్రామ నర్సులు, ఊరికొకరు చొప్పున ఆరుగురు నా కింద పనిచేసేవారు. కిడ్నీ రోగుల్లో ఎవరు డయాలసిస్‌కు వెళ్తున్నారో, ఎవరు మానేశారో, ఎవరికి ఒళ్ళు నీరు పట్టిందో చూసి ఫోనులోని యాప్‌లో ఎక్కించడం వాళ్ళ పనిలో పెద్ద భాగం. ప్రాణం మీదికి వస్తే ఆ ఫోనుతోనే అంబులెన్సును పిలవాలి.

నేను చేరిన కొద్దిరోజులకే టెక్కలిలోని మా డివిజన్ కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. పాత ఫోన్లు తీసేసి కొత్త స్మార్ట్‌ఫోన్లు ఇస్తారట. పోటీలో రెండు కంపెనీలున్నాయి. కేంద్రానికి ఒకే కంపెనీని ఎంచుకోవాలి. ఫోనూ సిమ్మూ కలిపే ఇస్తారు, పైగా ఫోనుకు లాక్ ఉంటుంది. వేరే కంపెనీ సిమ్ వేస్తే పనిచేయదు. ఫోను ఎంచుకున్నామంటే టవరును కూడా ఎంచుకున్నట్టే.

రెండు కంపెనీల ప్రతినిధులూ పలాస నుంచి ఒకే రోజు వచ్చారు. మొదటి కంపెనీ ఫోనుకు పెద్ద తెర, మంచి కెమెరా. రక్తపరీక్ష రిపోర్టు ఫొటో తీస్తే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయని మా డాక్టరుగారు దానివైపే మొగ్గారు. రెండోది ఇటుకలా ఉంది. మా కేంద్రంలో రెండింటికీ సిగ్నల్ నిండుగా వచ్చింది. తోటల్లోని ఊళ్ళ సంగతేమిటని అడిగాను. మొదటి ప్రతినిధి మ్యాపు తీశాడు, తీరమంతా రంగు నింపి ఉంది. రెండో అతని మ్యాపులోనూ అంతే. "ఫుల్ కవరేజ్ మేడమ్" అన్నారిద్దరూ. ఇంక వాళ్ళతో మాట్లాడి లాభం లేదనిపించింది. రెండు నమూనా ఫోన్లూ తీసుకుని, సావిత్రి అనే ఏఎన్‌ఎంతో ఆటో ఎక్కాను.

జీడితోటలు దాటి సావిత్రి చూసే ఊరికి వెళ్ళేసరికి ఒక ఇంటి అరుగు మీద దాలయ్య అనే కొబ్బరి రైతు మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఎగశ్వాస తీస్తున్నాడు. బంధువుల పెళ్ళికి వెళ్ళి డయాలసిస్ మానేశాడు. కాళ్ళు నొక్కితే వేలు దిగబడుతోంది.

"రేతిరంతా పడుకోనేకపోనాడమ్మా. ఏటి సేత్తాం, బండి కోసం సూత్తన్నాం" అంది అతని భార్య.

సావిత్రి పాత ఫోను ఛార్జి నిలవక ఆగిపోయి ఉంది. వెంటనే మొదటి కంపెనీ ఫోను తీశాను. తెర మీద సిగ్నల్ గీతలు కనిపిస్తున్నాయి, కాల్ మాత్రం కలవడం లేదు. మళ్ళీ చేశాను. వీధిలోకి వెళ్ళి చేశాను. దాలయ్య పెదాలు నల్లబడుతున్నాయి. ఆ ఫోనును నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది.

"మేడమ్, అది ఎల్లదు. రెండోది ఇటివ్వండి, బేగి" అంటూ సావిత్రి ఇటుకలాంటి ఫోను నా చేతిలోంచి లాక్కుంది. కాల్ కలిసింది. అంబులెన్సు వచ్చేదాకా అతన్ని వెనక్కి వాలనివ్వకుండా కూర్చోబెట్టి పట్టుకున్నాం. పలాసలో డయాలసిస్ చేశాక ఊపిరి కుదుటపడిందని సాయంత్రం కబురు వచ్చింది.

రెండో కంపెనీకే రాసేద్దామని నిశ్చయించుకుని మర్నాడు ఇంకో రెండు ఊళ్ళు చూశాను. అక్కడ రెండో ఫోను మూగబోయింది, మొదటిది గంటలా మోగింది! మిగతా మూడు ఊళ్ళూ తిరిగితే లెక్క సరిగ్గా సగానికి సగం తేలింది.

ఏ ఊళ్ళో ఏ కంపెనీ పనిచేస్తే ఆ ఊరికి దాని ఫోనే ఇవ్వాలని రాసి డాక్టరుగారికి చూపించాను. కెమెరా మాట ఎత్తకుండా ఆయన సంతకం పెట్టారు. టెక్కలి కార్యాలయం సూపరింటెండెంటు ఆ కాగితం చదివి తల పట్టుకున్నాడు. ఒక కేంద్రానికి రెండు బిల్లులు నిబంధనల్లో లేవన్నాడు. లాక్ లేని ఫోన్లయినా ఇప్పించండి, రెండు సిమ్‌లూ వేసుకుంటామన్నాను. అదీ లేదన్నాడు. "ఏదో ఒకటి రాసీండమ్మా, పైనోళ్ళు అడుగుతన్నారు" అని బతిమాలాడు.

సమీక్ష సమావేశంలో డివిజన్ అధికారి కూడా అదే పాట పాడారు. నేను లేచి దాలయ్య సంగతి చెప్పాను. ఒక్క ఘటన పట్టుకుని నిబంధన మార్చలేమన్నారాయన. "అయితే సార్, ఏ మూడు ఊళ్ళకు అంబులెన్సు పిలవనక్కర్లేదో మీరే పేర్లు రాసివ్వండి. నేను అమలు చేస్తాను" అన్నాను. ఆయన ఫైలు తన వైపు లాక్కుని 'తాత్కాలిక ఏర్పాటుగా అనుమతించడమైనది' అని రాశారు.

ఆ తాత్కాలికాన్ని నేను దిగిపోయేదాకా ప్రతి మూడు నెలలకూ పొడిగించుకుంటూ వచ్చాను. ప్రతిసారీ అవే ప్రశ్నలు, అవే జవాబులు. లాక్ లేని ఫోన్లు మాత్రం నా హయాంలో రాలేదు.

ఫోను ఎంచుకునేవాళ్ళు దాన్ని రోగి గుమ్మంలో నిలబడి ఎంచుకోవాలి. ఆఫీసు బల్ల దగ్గర అన్ని ఫోన్లూ మోగుతాయి.