అడవికోళ్లకు సన్నాయి మేళం

ఇంటిపేరూ, నిటారుగా నిలబడే వెన్నూ తప్ప మాకు మరేమీ మిగలని ఆ రోజుల్లో, చీడికాడ దగ్గరి కొండ మీద అడవిని కాపాడే ఒక విదేశీ నిధుల ప్రాజెక్టులో కుదిరాను. ఉద్యోగమని ఎవరితోనూ అనేవాణ్ని కాదు, 'కొండ చూసుకుంటున్నాను' అనేవాణ్ని. (ఆ కొండ కింద పొలాలు ఒకప్పుడు మా తాతగారివే. ఈ సంగతి అడగనివాళ్లకి కూడా చెప్పాను.) చోడవరంలో ఎక్కిన ఆటోలో ఎంత ఇరుకైనా ఇస్త్రీ చొక్కా నలగనిచ్చేవాణ్ని కాదు.

నిధులిచ్చేవాళ్ల తరఫున ఏటా ఒకరు వచ్చి పని చూసి మార్కులు వేస్తారు. అడవి బాగుపడిందనడానికి వాళ్లు పెట్టుకున్న గుర్తు అడవికోళ్లు. అవి కంటబడకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది, నా ఉద్యోగంతో పాటు, ఊరంతా బాబాయి అని పిలిచే కొండ కాపలాదారు ఉద్యోగమూ పోతుంది. బాబాయి తిరుగుడికి ఉచ్చులు పెట్టేవాళ్లు తగ్గి, ఆ ఏడు కోళ్లు నిజంగానే పెరిగాయి. పొద్దున్నే వాగు ఒడ్డుకి దిగి, మమ్మల్ని లక్ష్యపెట్టకుండా గింజలు ఏరుకునేవి.

తనిఖీకి హైదరాబాదు నుంచి మేడమ్ వస్తున్నారనగానే నాలో తాతగారు లేచి కూర్చున్నారు. పెద్దమనిషి వస్తే మేళం లేకుండా మా ఇంట్లో ఎప్పుడైనా లోపలికి పిలిచారా? సన్నాయి మాట్లాడాను.

"ఒట్టి సన్నాయేటి బాబూ, సప్పగుంటాది. డప్పులెట్టిద్దాం, టపాసులు కూడా పేలుద్దాం. మన కొండ పరువు కాదేటి!" అన్నాడు బాబాయి.

మేడమ్ జీపు దిగారు. డప్పులు మోగాయి, టపాసుల సరం అంటుకుంది. దండ పట్టుకుని నేను ముందుకు వేసిన అడుగు నేలకి తగలకముందే, వాగు ఒడ్డున పొదలన్నీ కదిలి, ఎర్రగా నల్లగా రెక్కలు కొట్టుకుంటూ ఓ గుంపు కొండ అవతలికి ఎగిరిపోయింది.

"అవేంటండీ?" అన్నారు మేడమ్.

"మీరు సూడ్డానికొచ్చినవేనమ్మా. ఎల్లిపోతన్నాయి," అన్నాడు బాబాయి.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఒక్క ఈక కదల్లేదు. ఇక రేపటి నుంచి ఆటో ఎక్కే పని లేదనుకున్నాను.

తీరా రిపోర్టు వచ్చాక చూస్తే, కోళ్లకి సున్నా, 'ప్రజల భాగస్వామ్యం' అనే దానికి నిండుగా మార్కులు. ప్రాజెక్టు పొడిగించారు. పైగా ప్రతి తనిఖీకీ ఇలాంటి స్వాగతమే ఉండాలని సూచన. ఆ భాగస్వామ్యాన్ని చూడటానికి ఇంకొందరు వచ్చారు. వాళ్లందరికీ మేళం. కోళ్లు మాత్రం ఇటు దిగలేదు.

"ఇంతకీ మనం దేనికి కాపలా కాస్తన్నాం బాబూ?" అని అడిగాడు బాబాయి ఒకసారి.

"మర్యాదకి," అన్నాను, వెన్ను నిటారుగా పెట్టి.

కొన్నేళ్లకి నిధులు ఆగాయి, తనిఖీలూ ఆగాయి. బాబాయి మాత్రం జీతం లేకపోయినా కొండ చుట్టూ తిరగడం మానలేదు. మొన్న ఫోన్ చేశాడు. "కోళ్లు దిగినాయి బాబూ. సప్పుడు సెయ్యకుండా రా."

ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లాను. పొద వెనక నడుం వంచి కూర్చున్నాం. ఓ పుంజు వాగు దిగి, మమ్మల్ని ఎగాదిగా చూసి, మార్కులేమీ వేయకుండా గింజలు ఏరుకోసాగింది. ఆనాడు దండ పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ని, ఆనాటి నన్నే, పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలనిపించింది. కానీ వాడికి ముందే చెబితే, మళ్లీ మేళం మాట్లాడతాడు.