గొర్లు ఇంటికొచ్చే వేళ

మా అమ్మ గోలీ విషయంలో నాకు జరిగిన అన్యాయాన్ని ఇంట్లో అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

అమ్మ నిడమనూరు దగ్గరి మా ఊళ్లో అన్న, వదినలతో ఉంటుంది. గొర్లమంద ఆమె ప్రాణం. ఉబ్బసం ఆమె జబ్బు. తెల్లవారుజామున పిల్లికూతలు మొదలయ్యేవి. మోకాళ్ల మీద చేతులు ఆనించి మంచంలో కూర్చునేది. నిరుడు వానలు వెనకబట్టాక మిర్యాలగూడ డాక్టరు రెండు పూటలా పీల్చే పంపుతో పాటు ఒక గోలీ రాశాడు. అమ్మకు తెల్లవారుజామునే ఎక్కువవుతోంది కాబట్టి దాన్ని సాయంత్రం వేసుకోవాలనీ, రోజూ ఒకే వేళకు వేసుకోవాలనీ రెండుసార్లు చెప్పాడు. వెంట ఉన్నది నేనే, కోదాడలో ఆఫీసుకు సెలవు పెట్టి మరీ. ఆటోలో దారి పొడవునా అమ్మకు అదే అప్పజెప్పాను. ఆమెకు గడియారం చూడటం రాదు.

"గొర్లు ఇంటికొచ్చినప్పుడు మింగుత. సాలదా?" అంది. సరేనన్నాను.

చలికాలమంతా అది చక్కగా సాగింది. మంద దొడ్లోకి రాగానే గోలీ. కూతలు తగ్గాయి. అమ్మ వాడకట్టంతా చెప్పుకుంది, "మా కోడలు మంచిగ సూసుకుంటది" అని. సెలవు పెట్టింది నేను.

ఎండలు ముదిరాక కూతలు మళ్లీ వచ్చాయి. అన్న ఫోన్ చేశాడు.

"గొర్ల దుమ్ముకే గిట్లయితుంది. సూర్యాపేట బేరగాడు ఐతారం వస్తడు. మంద అమ్మేస్త. అమ్మ నిన్నటి సంది బువ్వ ముడతలేదు."

మళ్లీ సెలవు, మళ్లీ మిర్యాలగూడ. డాక్టరు అంతమంది ముందు నన్నే అడిగాడు: "గోలీ సరిగ్గా ఇస్తున్నారా? కూతురై ఉండి చూసుకోవద్దా?" పక్కనే ఉన్న అన్న గోడ మీది క్యాలెండర్ చదువుకుంటున్నాడు.

శనివారం నేను అలిగి వాళ్ల అరుగు మీదే కూర్చున్నాను. పదకొండింటికి, ఎండకు ఆగలేక, మంద ఇంటికొచ్చింది. అమ్మ కొంగుముడి విప్పి గోలీ తీసి నోట్లో వేసుకుంది.

"అమ్మా! గిప్పుడేంది?"

"గొర్లు వచ్చినయ్ గద."

"మరి సాయంత్రం?"

"సల్లబడ్డంక మళ్ల తోలుకపోయి పొద్దుగూకినంక తెస్తరు. దినాం ఒక్కటే మింగుమన్నడు గద డాక్టరు. రెండోది ఎట్ల మింగుత?"

ఎండాకాలం మంద రెండుసార్లు ఇల్లు చేరుతుందని గొర్ల ఇంట్లో పుట్టిన నాకు తెలియదా? తట్టలేదు. ఆ మాట ఒప్పుకునేలోపే అమ్మ అంది, "నువ్వే గద సరే అన్నవ్."

ఆ తప్పూ నా మీదికే వచ్చింది.

డాక్టరుకు ఫోన్ చేస్తే గోలీని సాయంత్రానికే మార్చమన్నాడు, దొడ్డి ఊడ్చేటప్పుడు అమ్మను దూరంగా ఉంచమన్నాడు. అన్నతో పోట్లాడి బేరగాణ్ని నెల రోజులు ఆపించాను. ఇక గొర్లను నమ్మదలుచుకోలేదు. రోజూ ఏడింటికి వదిన ఫోన్‌కు నేనే చేసేదాన్ని. "మింగినవా?" "మింగుతున్న." అంతే మాట.

నెల తిరిగేసరికి అమ్మ తెల్లవారి మంచంలో కూర్చోవడం మానేసి, దొడ్డి దగ్గర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి గొర్లను తిడుతోందట. అన్నే బేరగాడికి వద్దని చెప్పాడు. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. వదిన మాటల్లో తెలిసింది.

మొన్న సూర్యాపేట నుంచి వస్తుంటే బస్సు హైవే మీద ఆగిపోయింది. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. కోదాడలో ఇల్లు చేరి ఫోన్ చేసేసరికి ఎనిమిది కావస్తోంది. మొదటి రింగుకే అమ్మే ఎత్తింది.

"ఏడింటికి చేస్తనన్నవ్. గోలీ చేతుల పట్టుకొని కూసున్న. సగం కరిగింది."

"మింగొచ్చు గదనే అమ్మా!"

"నువ్వు అడగకముందే మింగితే, గదొకటి మనసుల పెట్టుకుంటవ్. నీ సంగతి నాకు తెల్వదా?"

నీళ్లు గుటక వేసిన చప్పుడు వినిపించింది.

"ఫోన్ వదినకు ఇయ్యనా?" అంది.

వద్దన్నాను. ఇంకాసేపు తననే మాట్లాడమన్నాను.