అమ్మమ్మ నేర్చుకున్న సెల్యూట్

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికంటే గొప్పదాన్ని నేనే. ఆ రోజులంటే మరీ తాతలనాటివేం కావు, అప్పటికే అడవి అంచునున్న మా ఊరు కోంటా బజార్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. కానీ పదో తరగతి చదివే పిల్లకి లోకమంతా తన చుట్టూనే తిరుగుతున్నట్టుంటుంది కదా! పైగా నేను బళ్ళో పరేడ్ జట్టుకి నాయకురాలిని. నేను "సావధాన్" అని అరిస్తే గ్రౌండులో మేకలు కూడా మేత మానేసి చూసేవి. (ఇంట్లో మాత్రం మంచినీళ్ళిమ్మన్నా ఎవరూ లేచేవారు కాదు.) అంతటి నా దగ్గరికి ఒకరోజు మా అమ్మమ్మే వచ్చి శిష్యురాలిగా చేరింది.

దానికో కారణముంది. అమ్మమ్మ ఆఖరి కొడుకు, మా చిన్నమామ, పోలీసు. జగర్గుండా వైపు అడవిలోకి డ్యూటీకి వెళ్ళి ప్రాణాలతో తిరిగి రాలేదు. జెండా కప్పిన పెట్టె ముందు ఆ రోజు పెద్ద పెద్ద ఆఫీసర్లంతా వరసగా వచ్చి సెల్యూట్ కొట్టారు. అమ్మమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కొయ్యబారిపోయింది. కాలం గడిచేకొద్దీ ఏడుపు తగ్గింది గానీ, ఒక్క మాట మాత్రం ఆమెని వదల్లేదు. "అయినోళ్ళు, కానోళ్ళు అందరూ కొట్టిన్రు. కన్నతల్లిని, నేనొక్కదాన్నే కొట్టలే" అనేది. జగదల్‌పూర్‌లో అమర జవాన్ల స్మారకవనంలో మామ పేరు చెక్కారని కబురొచ్చింది. హోలీ సెలవుల్లో అందరం వెళ్దామని నాన్న అంటే, ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. "సెల్యూట్ నేర్చుకున్నాకే వస్తా."

మా కిరాణా దుకాణం వెనక చింతపండు బస్తాల మధ్య శిక్షణ మొదలైంది. ఏళ్ళ తరబడి తక్కెడ ఎత్తీ ఎత్తీ అమ్మమ్మ కుడి భుజం పట్టేసింది, మోచెయ్యి ఓ పట్టాన పైకి రాదు. నేను వదిలితేగా! "మోచెయ్యి పైకి అమ్మమ్మా. వణక్కూడదు. చూపు ఎదురుగా ఉండాలి" అని గద్దించేదాన్ని. "చూపు ఎదురుగానే ఉందే తల్లీ. ఆ ఎదురుగానే పిల్లి పాలగిన్నె కాడికి పోతాంది" అనేది. నాన్న కిసుక్కున నవ్వితే, "నవ్వుడేంది అల్లుడూ, మీరూ వచ్చి నిలబడండి" అని ఆయన్నీ వరసలో చేర్చింది. అమ్మ చేతిలో గరిటె ఉన్న సంగతి మరిచిపోయి సెల్యూట్ కొట్టి నుదుటికి చారు పూసుకుంది. మొత్తానికి హోలీ వచ్చేసరికి అమ్మమ్మ చెయ్యి కనుబొమ దాకా వచ్చి నిలబడింది. అది నా ఘనతేనని బడంతా చాటుకున్నాను.

పులిహోర కట్టుకుని పొద్దున్నే జీపులో బయల్దేరాం. మా దారి పొడుగునా జవాన్ల క్యాంపులూ, తనిఖీ నాకాలే. మొదటి నాకా దగ్గర తనిఖీకి ఓ జవాను కిటికీలోంచి తొంగిచూశాడో లేదో, అమ్మమ్మ ఠక్కున సెల్యూట్ కొట్టింది. ఆ అబ్బాయి బిత్తరపోయి, తేరుకుని, అంతకంటే గట్టిగా తిరిగి కొట్టాడు. అంతే, ఇక ఆమెని పట్టేవాళ్ళు లేరు. ఎండలో కాపలా ఉన్నవాళ్ళకి కొట్టింది, ట్యాంకరు పక్కన బట్టలుతుక్కుంటున్నవాళ్ళకి కొట్టింది, సుక్మాలో టీ తాగుతున్న ఓ బస్సు కండక్టరుకీ ఖాకీ చొక్కా చూసి కొట్టేసింది. (ఆయన గ్లాసు కిందపెట్టి మరీ తిరిగి కొట్టాడు, మహానుభావుడు.)

"అమ్మమ్మా, చెయ్యి నొప్పెడుతుంది. అక్కడికెళ్ళేదాకా కాస్త దాచుకో" అన్నాను.

"దాచుకోనీకి ఇదేమన్న బెల్లమా? అంతా మనోడి ఈడు పిలగాండ్లే. ఆళ్ళ తల్లులు ఈడ లేరు గదే" అంది.

దర్భా ఘాట్ మలుపులు ఎక్కేసరికి కుడిచెయ్యి ఆమె ఒళ్ళో వాలిపోయింది. అమ్మ నూనె రాసి మర్దనా చేసినా లాభం లేకపోయింది.

స్మారకవనంలో నల్లరాతి పలకల మీద వరసగా పేర్లున్నాయి. కాపలా జవాను మమ్మల్ని తీసుకెళ్ళి మామ పేరు చూపించాడు. నలుగురం వరస కట్టాం. చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారని నాకు తెలుసు, అందుకే మామూలుకంటే గట్టిగా "సావధాన్" అన్నాను. తర్వాత "సెల్యూట్" అన్నాను. నాన్న, అమ్మ, నేను కొట్టాం. అమ్మమ్మ చెయ్యి నడుము దాటలేదు. మళ్ళీ ఎత్తబోయింది, రాలేదు. ఎడమచేత్తో పట్టి లేపబోయింది, అప్పుడూ రాలేదు. ఇన్నాళ్ళూ ఏ పని కోసం తపించిపోయిందో ఆ పనే కొడుకు ఎదుట మళ్ళీ చెయ్యలేకపోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఎడమచేత్తో కొట్టమందామంటే రూలు ఒప్పుకోదే అని, అంతటి ఏడుపులోనూ నేను రూలు గురించే ఆలోచిస్తున్నాను!

అమ్మమ్మ వరసలోంచి తప్పుకుని ముందుకెళ్ళింది. నడుమెత్తు రాతికి రెండు అరచేతులూ ఆనించి, మామ పేరుని బుగ్గలు నిమిరినట్టు నిమిరింది. చెయ్యి పైకి రాకపోతేనేం, తలనే కిందికి వంచి వేళ్ళు కణతలకి నొక్కుకుని మెటికలు విరిచింది. పదివేళ్ళూ పటపటమన్నాయి.

"ఎక్కడెక్కడోళ్ళో వచ్చి నా కొడుకుని చూసి పోతాన్రు. దిష్టి తగలదా?" అంది. కళ్ళు తడిగా ఉన్నా తల మాత్రం ఎత్తే ఉంది. అంతమంది ఆఫీసర్లు కొట్టిన సెల్యూట్లలో లేనిదేదో మామకి ఆరోజే అందిందనిపించి నా గుండె పొంగిపోయింది. "విశ్రామ్" అనడం మరిచిపోయాను. అమ్మా నాన్నా పాపం అలా చేతులెత్తుకునే ఉండిపోయారు.

ఇప్పుడు నేను జగదల్‌పూర్‌లోనే పిల్లలకి లెక్కలు చెప్పుకుంటున్నాను. పరేడ్ లేదు, జట్టు లేదు. అటుగా వెళ్ళినప్పుడు మామ దగ్గర ఆగుతాను. చక్కగా నిటారుగా నిలబడి సెల్యూట్ కొడదామనే అనుకుంటాను, తీరా చూస్తే రెండు చేతులూ కలిసి కణతల దగ్గరికి పోతాయి. ఆ పదో తరగతి నాయకురాలు చూస్తే నన్ను గ్రౌండు చుట్టూ పరిగెత్తించేది. పరిగెత్తమన్నా పరిగెడతాను గానీ, అమ్మమ్మ వేళ్ళు పలికినట్టు నా వేళ్ళు ఎంత నొక్కినా పలకవు.