లోర్నా ఫిల్టరు మీద పడ్డ నింద

లోర్నా జిక్‌మండ్‌కు నలభై ఆరేళ్లు. తండ్రి పోయాక ఆయన డీజిల్ షెడ్డును పన్నెండేళ్లుగా ఒంటరిగా నడుపుతోంది. నెబ్రాస్కా రాష్ట్రంలోని పడమటి ఇసుక గుట్టల్లో పశువుల ట్రైలర్లు లాగే పికప్ ట్రక్కులు మొరాయిస్తే చేరేది అక్కడికే. అయితే మా ప్రాంతంలో మెకానిక్ పేరు నిలిచేదీ కూలేదీ షెడ్డులో కాదు. ధాన్యం గోదాము ఆఫీసులో, పొద్దున ఆరున్నరకు కాఫీ బల్ల చుట్టూ చేరే మగవాళ్ల మధ్య. ఆ బల్ల దగ్గర వారం రోజులుగా ఒకటే మాట: లోర్నా నాసిరకం డీజిల్ ఫిల్టరు బిగించి పశువుల ఆసామి వెర్ల్ హాగెమన్ బండిని పాడుచేసిందని. ఆ మాట పుట్టించింది వెర్లే. ఆ వారం షెడ్డుకు రావలసిన ముగ్గురు రాలేదు.

మంగళవారం వెర్ల్ తన బండిని తెచ్చి షెడ్డు తలుపుకు అడ్డంగా ఆపాడు.

"ఇదిగో అమ్మాయ్, నీ ఘనకార్యం. ట్రైలర్ తగిలించి ఇరవై మైళ్లు పోతే చాలు, డీజిల్ ప్రెషర్ తగ్గిందని దీపం వెలుగుతోంది. మీ నాన్న ఉంటే సిగ్గుతో చచ్చేవాడు."

"ఆయన ఎలాగూ చచ్చిపోయాడు. తాళాలిచ్చి వెళ్లండి."

"వెళ్లను. నువ్వేం మారుస్తావో, ఏం దాస్తావో కళ్లారా చూస్తా."

"అయితే ఆ డబ్బా మీద కూర్చోండి, నోరు మూసుకుని."

అతను కూర్చున్నాడు గాని నోరు మూయలేదు. లోర్నా డీజిల్ గొట్టానికి ప్రెషర్ మీటరు తగిలించింది. ఇంజను ఊరికే తిరుగుతుంటే ముల్లు ఉండాల్సిన చోటు నుంచి కదల్లేదు.

"నిలబెడితే నా మనవరాలి మూడు చక్రాల బండి కూడా బానే ఉంటుంది," అన్నాడు వెర్ల్.

ఆమె ఫిల్టరు విప్పి, కోసి, లోపలి కాగితాన్ని బల్ల మీద పరిచింది. నీటి చుక్క లేదు, మడ్డి లేదు.

"ఇదేనా నాసిరకం?"

"ఈలోగా మార్చేసి ఉంటావు."

"మీరు డబ్బా దిగారా, నేను మార్చడానికి?"

కొత్త ఫిల్టరు బిగించి, మీటరును అద్దానికి కనిపించేలా అంటించి, వెర్ల్ కోడెలున్న ట్రైలర్‌ను తగిలించి ఇద్దరూ బయలుదేరారు. పద్దెనిమిదో మైలు దగ్గర, గుట్ట ఎక్కుతుండగా ముల్లు సగానికి పడింది, దీపం వెలిగింది.

"చూశావా!" అన్నాడు వెర్ల్. సొంత బండి చెడినందుకు అంత సంబరపడిన మనిషిని ఆమె అదివరకు చూడలేదు.

లోర్నా బండిని పక్కకు తీసి, పంపుకు ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, తను తెచ్చిన డీజిల్ డబ్బాలోకి మరో గొట్టం వేసింది. ఇంజను వేగం ఎంత పెంచినా ముల్లు నిటారుగా నిలిచింది. పంపు మంచిదే, ఫిల్టరు మంచిదే. ట్యాంకు నుంచే డీజిల్ రావడం లేదు. ఆమె ట్యాంకు మూత వదులు చేసింది. నీళ్లలోంచి పైకి తేలినవాడు ఊపిరి పీల్చినట్టు ట్యాంకు చాలాసేపు గాలి పీల్చుకుంది.

ఆమె బండి కిందికి దూరింది. ట్యాంకు గాలిగొట్టం చివర రొట్టె కొంటే వచ్చే ప్లాస్టిక్ సంచి, దాని మీద మూడు వరసల టేపు. గడ్డి కోతల్లో పొట్టు దూరకుండా ఇక్కడివాళ్లు అలా చుట్టేస్తారు. పోయిన డీజిల్ స్థానంలోకి గాలి రాకపోతే పంపు ఎంత లాగినా ఫలితం ఉండదు. కోతల్లో పొలం దాటని బండికి అది తెలియలేదు. దూడలను సంతకు తోలే కాలం రాగానే బయటపడింది. ఫిల్టరు మార్చింది సరిగ్గా ఆ మధ్యలో.

"ఎవరు చుట్టారు?" అంది టేపు, సంచి విప్పుతూ.

"నేనే. మా నాన్నా అలాగే చుట్టేవాడు."

"ఆయన కోతలయ్యాక విప్పేవాడు కూడా."

"సరే, విప్పావుగా. అయిపోయింది."

"కాలేదు. రేపు పొద్దున బల్ల దగ్గర చెప్పండి. మీరు చెప్పకపోతే నేనే చెబుతాను."

మర్నాడు, ఆడవాళ్లెవరూ కూర్చోని ఆ బల్ల పక్కన లోర్నా నిలబడింది. కాఫీ డబ్బులిచ్చే వంతు ఎవరిదో తేల్చే పాచికలు గిలక్కొడుతూ వెర్ల్ గొణిగాడు: "ట్యాంకు గాలిగొట్టం మూసుకుపోయిందట."

"ఏం పడి?" అన్నాడు గోదాము మేనేజరు డేల్ కుచెరా.

"దుమ్ము."

"దుమ్ము రొట్టె సంచి తొడుక్కుని, పైన టేపు చుట్టుకోదు, వెర్ల్ గారూ," అంది లోర్నా.

బల్లంతా ఘొల్లుమంది. వెర్ల్ పాచికల గిన్నెను విసిరికొట్టాడు.

"అవును, నేనే చుట్టాను! ఈ అమ్మాయి బిగించిన ఫిల్టరు బానే ఉంది. చాలా?"

"చాలు," అంది. కృతజ్ఞతలు చెప్పలేదు.

మధ్యాహ్నం లోపు ఆ ముగ్గురూ షెడ్డుకు వచ్చారు. వాళ్లలో ఒకడి బండి గాలిగొట్టానికీ టేపు ఉంది. వెర్ల్ మాత్రం ఇప్పుడు రిపేరుకు అరవై మైళ్ల దూరంలోని పట్నానికి బండి తీసుకుపోతాడు. ఈ దారుల్లో ఎదురైన అపరిచితుడికైనా పలకరింపుగా స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తడం ఆచారం. లోర్నా ఎదురైతే వెర్ల్ వేలు లేవదు. ఆమెదీ లేవదు.