నా మడమా, బీయే బూట్లూ

నొప్పి పోయింది! ఉద్యోగం ఖాయమైంది! రెండూ ఒకే వారంలో! ఈ ఉదయం మంచం దిగి, రెండు పాదాలూ ఒక్కసారే నేలకు ఆనించి, గోడ పట్టుకోకుండా నీళ్ళతొట్టి దాకా నడిచాను. నాలుగు నెలల తర్వాత! ముఖం కడుక్కోవడం కూడా మరిచిపోయి మళ్ళీ మంచం దాకా నడిచాను, ఊరికే, నడవగలను గనక.

మా వంశంలో బి.ఏ. పాసైన మొదటివాణ్ణి నేను. మా నైనది వేలిముద్ర, తాతది వేలిముద్ర. కోవిల్‌పట్టికి తూర్పున నల్లరేగడిలో పత్తీ, కంబూ పండించే ఊరు మాది. కంబు అంటే సజ్జలు. మాకు అన్నమూ అదే, సంకటీ అదే. ఆ ఊళ్ళో నా పరీక్ష ఫలితం వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ ఎగిరినవాడు మా మామ, అమ్మకు అన్న. నెల తిరగకుండా మదురై నుంచి నా కోసం కుట్టించిన ఇంగ్లీషు బూట్లు పట్టుకొచ్చాడు. నల్లగా, అద్దంలా మెరుస్తూ ఉన్నాయి. వాటికి కుంకుమ బొట్టు పెట్టి ట్రంకు పెట్టె మీద నిలబెట్టారు. ఊరంతా వచ్చి చూసిపోయింది. నన్ను చూసింది తక్కువే.

"తొడుక్కోరా బీయే! దొర మాదిరి నడిచి సూపీ!" అన్నాడు మామ.

తొడుక్కున్నాను. నడిచాను. ప్రాణం పోయింది. కానీ మా ఇంట్లో బూటులో కాలు పెట్టిన మనిషి ఇంతవరకూ లేడు. బూటు లోపల ఎలా ఉండాలో అడగడానికి నాకు ఎవరున్నారు? దొరలంతా ఇలాగే నడుస్తారు కాబోలు, అందుకే వాళ్ళకు అంత కోపం అనుకున్నాను.

ఆ బూట్లతోనే విరుదునగరం చేరి ఒక హైస్కూల్లో మాస్టరుగా కుదిరాను. మా వాళ్ళు ఇప్పటికీ విరుదుపట్టి అనే అంటారు, పేరు మార్చినవాళ్ళు తమను అడగలేదని వాళ్ళ ఫిర్యాదు. మూడు నెలలకు నా ఎడమ మడమ నా చెప్పుచేతల్లో లేకుండా పోయింది. నిద్ర లేచి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. బూట్లు విప్పినా నొప్పి విప్పుకునేది కాదు. ఇంట్లో ఉత్త కాళ్ళతో తిరిగినా అంతే. అందుకే ఆ బూట్ల మీద నాకు అనుమానమే రాలేదు.

అనుమానం రాని బుద్ధిమంతుణ్ణి నేనొక్కణ్ణే కాదు. వైద్యులు వరసలో నిలబడ్డారు.

మొదట మా అవ్వ. సెలవుకు ఇంటికి వెళితే పొయ్యిలో ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, "మడిమె పెట్టి తొక్కరా" అంది. తొక్కాను. వేడికి కాసేపు హాయిగా ఉండి, తర్వాత చర్మం ఊడింది.

"సదివి సదివి నెత్తిలో ఉండే రత్తమంతా కాలికి దిగిపోయింది రా. సదువు ఎక్కువైతే ఇంతే."

"అవ్వా, నైన సదవలేదు గదా. ఆయనకూ మోకాలు నొప్పేనే?"

"వానిది వయసు నొప్పి. నీది సదువు నొప్పి. రెండూ ఒకటా?"

అవ్వను ఏమీ అనను. ఆమెకు ఆకులన్నా తెలుసు. తర్వాతివాడికి అదీ తెలియదు. కళుగుమలైలో కట్టు కట్టే పెద్దమనిషి. నాలుగు జిల్లాలు తన దగ్గరికి వస్తాయని తానే చెప్పుకుంటాడు. నా కాలు అటు తిప్పి, ఇటు తిప్పి, నేను అరిస్తే సంతోషించి, నరం పెనవేసుకుందని తేల్చాడు. మినప్పిండీ, కోడిగుడ్డు తెల్లసొనా కలిపి పూసి, అగ్గిపెట్టెల కొట్టు నుంచి తెచ్చిన కర్రపేళ్ళు చుట్టూ పెట్టి బిగించాడు. మూడో రోజుకు ఆ కట్టు వాసనకు నా క్లాసులో ముందు బెంచీ ఖాళీ అయింది. విప్పి చూస్తే నరం ఎక్కడిది అక్కడే ఉంది, చీమలు కొత్తగా వచ్చాయి.

ఆ తర్వాత విరుదునగరంలో ఇంగ్లీషు డాక్టరు. ఈయనను నేను జన్మలో క్షమించను. పేరు వెనక అక్షరాలున్న మనిషి గదా, నాలాగే చదువుకున్నవాడు గదా అని ఆశతో వెళ్ళాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే "నోరు తెరువు" అన్నాడు.

"నొప్పి కాలికండీ."

"కాలికి నొప్పి వస్తుంది. రోగం పళ్ళలో ఉంటుంది. కొత్త సిద్ధాంతం. నువ్వు గ్రాడ్యుయేటువి గదా, అర్థం చేసుకోగలవు."

గ్రాడ్యుయేటు అన్నాడు గనక అర్థమైనట్టు తల ఊపాను. నా మీద నాకు అసహ్యం వేసే క్షణాల్లో అదొకటి. పుచ్చు లేని దవడ పన్ను ఒకటి పీకి, గులాబి రంగు మందు సీసాలో పోసి ఇచ్చాడు. కాలు మాత్రం చూడలేదు. "ఒకసారి చూడరా?" అని దవడ పట్టుకుని అడిగితే, "అవసరం లేదు" అన్నాడు. ఇప్పుడు ఒకపక్కే నములుతున్నాను.

ఇదంతా నవ్వుకుని ఊరుకునే సంగతే, మా హెడ్మాస్టరు లేకపోతే. గ్రాడ్యుయేటు మాస్టర్లు బూట్లతోనే రావాలనీ, గంట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా నిలబడే పాఠం చెప్పాలనీ ఆయన శాసనం. తాను మాత్రం తాటాకు విసనకర్రతో వరండాలో వాలుకుర్చీలో పడుకుని ఆ శాసనం అమలవుతుందో లేదో చూస్తుంటాడు. నేను మూడుసార్లు కూర్చుని దొరికిపోయాను. మూడోసారి గదిలోకి పిలిచాడు.

"మీ ఉద్యోగం ఖాయం చెయ్యాలా వద్దా అనేది వచ్చే నెల ఇన్‌స్పెక్టరు వచ్చాక రాస్తాను. ఆ రోజు మీరు కుర్చీలో కనబడితే, అదే కుర్చీలో మర్నాడు ఇంకో బి.ఏ. కనబడతాడు."

ఆ ఉద్యోగం పోతే నేను తిరిగి వెళ్ళవలసింది ఊరికి. కుంటుకుంటూ. బూట్లు చేత్తో పట్టుకుని. ఒక్క ఊరు కాదు, చుట్టూ పది ఊళ్ళవాళ్ళు తమ పిల్లల్ని బడి మాన్పించడానికి నన్ను చూపిస్తారు. ఆ సాయంత్రం రైల్వే స్టేషను దగ్గర పత్తి గోదాము గోడ నీడన నడవలేక కూలబడి, బూటు ఊడదీసి, "అయ్యో, మడిమె పాయెనే" అని నాలో నేనే మూలిగాను.

"యావూరు సామీ?" అన్నారెవరో పక్కనుంచి. మా తెలుగే, అచ్చం మా ఇంటి తెలుగు.

తోలు పరుచుకుని చెప్పులు కుట్టుకుంటున్న ముసలాయన. కోవిల్‌పట్టి పక్కన అని చెప్పాను.

"కాలు ఇట్ల పెట్టండి."

బూటు అందించాను.

"బూటు గాదు సామీ. కాలు."

ఇన్నాళ్ళలో నా కాలిని మెలితిప్పకుండా చూస్తానన్న మొదటి మనిషి. పాదాన్ని ఒక తోలుముక్క మీద పెట్టించి, తోలు గుచ్చే ఆరెతో చుట్టూ గీత గీసి, ఆ గీత మీద నా బూటు నిలబెట్టాడు. మడమ వైపు గీత వేలి వెడల్పున బయటికి మిగిలింది.

"ఇది మీది గాదు. మీ తమ్మునిదేమో."

"నాదే. నాకని కుట్టించింది."

"అట్లైతే కుట్టినోనికి మీ కాలు సూపీలేదు."

"ఇంగ్లీషు బూటు గదా, ఇట్లే బిగిసి ఉంటుందేమో అనుకుంటి."

ఆయన ఆరె పక్కన పెట్టి తనివితీరా నవ్వాడు. "దొరలేమన్నా మడిమె కోసుకుని తొడుక్కుంటారా సామీ?"

ఆదివారం మా మామ పత్తి బేరానికి వచ్చి నా గదిలో దిగాడు. రాగానే బూట్లకేసి చూసుకుని మురిశాడు. కొలత ఎలా తీశావని అడిగాను. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"మీ అవ్వ దారం నీ కాలికి తాకనియ్యలేదు రా. బతికుండే పిల్లోనికి కొల్తేంది, పాడె కట్టేకా అని ఒకటే పోట్లాట. నేనేమన్నా తక్కువోన్నా? ఎండల్లో కోడవాన పడిన దినం నువ్వు చేను గట్టున పోతివే, నీ వెనకాలే వచ్చి, మంచి అడుగు ఒకటి ఏరి, దాని మింద గంప బోర్లిస్తి. కోడి గెలకకుండా, గొడ్డు తొక్కకుండా. ఎనిమిది దినాలకు మదురైకి పత్తి బండి కట్టినారు. అప్పుడు పోయి తాటాకు సీల్చి, అడుగులో పెట్టి కొలిస్తి. అచ్చు దిగినట్ల ఉండె!"

"ఎండినాకనా మామా?"

"ఎండినాకనే! తడిలో కొలిస్తే అంచు ఇరిగిపోదూ? కొల్త సుద్దంగా రావద్దా?"

వేసవి వస్తే మా నల్లరేగడి ఎలా ఉంటుందో లోకానికంతా తెలుసు: చెర్నాకోల జారిపడితే అందనంత లోతు నెర్రెలు. నేల ముడుచుకుంటే గదా నెర్రె విచ్చేది! చిన్నప్పుడు ఆ నెర్రెల్లో కాలు పడకుండా నన్ను చెయ్యి పట్టి నడిపించినవాడే ఈ మామ. మావాళ్ళు తరతరాలుగా ఆ మట్టిలోనే పుట్టి, దాన్నే దున్ని, ఎండితే అది కుదించుకుపోతుందన్న సంగతి నా అడుగు దగ్గర మాత్రం మరిచిపోయారు. పైగా గంప కాపలా! ఇంతకీ మా ఊళ్ళోనే మూడు తరాలుగా మా ఇంటికి చెప్పులూ, బావిలో నీళ్ళు తోడే తోలు బానలూ కుట్టే మనిషి ఉన్నాడు. కంటితో చూసి కొలత చెప్పగలడు. ఆయన్ని ఎందుకు అడగలేదంటే, "బూట్సు సంగతి వానికేం తెలుసు?" అన్నాడు మామ. ఆ ఒక్క మాటకు నాకు చెంప పగలగొట్టాలనిపించింది. మామను కాదు. ఆయన పక్కనే కూర్చుని, అది నిజమే కదా అన్నట్టు తల ఊపబోయిన నన్ను.

మర్నాడు బూట్లు ముసలాయనకిచ్చాను. వెనక కుట్టు విప్పి, వేలి వెడల్పున మెత్తటి మేకతోలు అతికాడు. తర్వాత, "మీ గదిలో కంబు ఉండాదా సామీ?" అని అడిగి, ఆ గింజలు బూట్ల నిండా పోసి, నీళ్ళు చిలకరించి, మూతులు బిగించి కట్టాడు. రెండు రోజుల్లో గింజ ఉబ్బి ముందువైపు తోలును సాగదీసింది. అంతవరకూ చెప్పులతో బడికి పోయి హెడ్మాస్టరు చూపులు తిన్నాను. బూట్లు తిరిగొచ్చిన రోజు కాలు లోపలికి జారింది. వేళ్ళు కదిలాయి! బూటులో వేళ్ళు కదులుతాయని నాకు తెలియదు! మడమ ఒక్కరోజులో మానలేదు. మూడు వారాలు పట్టింది, రోజుకు కాస్త, రోజుకు కాస్త.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మొదటి గంట నుంచి చివరి గంట దాకా నిలబడ్డాను. నిలబడటమేనా, బెంచీల మధ్య తిరిగాను, బల్ల ఎక్కి పటం తగిలించాను. హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి పాఠం వినకుండా నా కాళ్ళే చూశాడు. పాపం, ఎక్కువసేపు నిలబడే అలవాటు లేక ఆయనే ముందు కుర్చీ తెప్పించుకున్నాడు. నిన్న కాగితం చేతికొచ్చింది.

మొదట ముసలాయనకు చెప్పాను. "మంచిది సామీ, కుడి బూటు మడిమె అరుగుతుండాది, తెచ్చియ్యండి" అన్నాడు.

ఇంకా చెప్పవలసినవాళ్ళు: అమ్మా నైనా, ఒక కార్డు, అరవంలో, ఇంట్లో తెలుగు అక్షరాలు ఎవరికీ రావు గనక, అదైనా టపా అతను చదివి వినిపించాలి. అవ్వ, ఆమెకు అదే కార్డు చాలు, అయితే గట్టిగా చదవమని రాయాలి. నాగలాపురంలో చిన్నమ్మ, నా కాలి కోసం శుక్రవారాలు ఒంటిపూట ఉంటోంది, ఈ శుక్రవారం లోపు అందాలి. శ్రీవిల్లిపుత్తూరులో కాలేజీ స్నేహితుడు, మాస్టరు పని మానెయ్యమని సలహా ఇచ్చినవాడు. కళుగుమలై పెద్దమనిషి, రాయను, ఎవరైనా అటు పోతుంటే చెప్పి పంపుతాను. డాక్టరు, స్వయంగా వెళ్ళి, నోరు మూసుకుని, కాలు చూపిస్తాను. మా ఊళ్ళో చెప్పులు కుట్టే ఆయన, ఈసారి వెళ్ళగానే, ముందు ఆయన దగ్గరికే. మామ, ఆదివారం వస్తాడు.