కారు బొమ్మ కేకు

కెనడాలో మా సార్నియా ఊరి తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో గెలిచినవాళ్లకే మైకు ఇస్తారు. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చినవాళ్లు, ఇల్లు కొన్నవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. రూపవతి అక్క ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ చప్పట్లే కొడుతోంది.

అక్కది అమలాపురం దగ్గర పల్లె. అక్కడ నర్సుగా చేసి, ముప్పై ఆరేళ్ల వయసులో మళ్లీ చదువుకోవడానికి ఇక్కడికొచ్చింది. కాలేజీ నిండా మనవాళ్లే కనిపించిన రోజులవి. తన వయసులో సగం ఉన్న పిల్లల మధ్య కూర్చుని చదివింది. చదువయ్యాక వృద్ధుల హోమ్‌లో పని దొరికింది గానీ, పిలిచినప్పుడే వెళ్లాలి. ఈలోగా ఒక పర్మనెంట్ షిఫ్ట్ ఖాళీ అయింది. అది తెల్లవారకముందే మొదలవుతుంది. ఆ వేళకి మా ఊళ్లో బస్సుండదు. నెలాఖరులోగా డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకుంటే షిఫ్ట్ నీదేనన్నారు.

అప్పటికే రెండుసార్లు రోడ్ టెస్ట్ పోయింది. డ్రైవింగ్ రాక కాదు. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో ముందొచ్చినవాళ్లు ముందు వెళ్లాలి. అక్క తన వంతు వచ్చినా చెయ్యి ఊపి అందరినీ పోనిస్తుంది. నేర్చుకునేవాళ్ల పక్కన చాలా ఏళ్ల లైసెన్స్ ఉన్నవాళ్లు కూర్చోవాలి. నాకుంది కాబట్టి నేనే కూర్చుని నేర్పేవాణ్ణి. వెనక హారన్లు మోగుతుంటే నాకు పిచ్చెక్కేది.

మూడో టెస్ట్ సంగతి తెలిసి, ఫెలోషిప్ పెద్ద క్రిస్టఫర్ అంకుల్ ముందుగానే కృతజ్ఞతా కూడిక ప్రకటించేశారు. పాసయ్యాక పెట్టుకోవచ్చు కదా అంటే, అది అవిశ్వాసమట. విశ్వాసమున్నవాళ్లు పొందకముందే స్తోత్రం చెల్లిస్తారట. అక్కను ఒక్క మాట అడగలేదు. టెస్ట్ జరిగిన శనివారం సాయంత్రమే ఆయన బేస్‌మెంట్‌లో బిర్యానీ, పక్కనే క్రీముతో ఎర్ర కారు బొమ్మ వేయించిన కేకు.

అక్క పొద్దునే ఫెయిలైంది. కూడలి దగ్గర మళ్లీ అదే కథ. ఇంటికి పోదామన్నాను. అంతమంది కోసం వండారు, వెళ్లకపోతే బాగోదంది.

సంగతి విని అంకుల్ కేకుకేసి చూశారు, తర్వాత అక్కకేసి. అక్కడే కూర్చున్న పిల్లను చూపించి, ఈ జెస్లిన్ నీ తర్వాత వచ్చి పీఆర్ తెచ్చుకుంది, కారు కొంది, నువ్వింకా అక్కడే ఉన్నావన్నారు. అది విని జెస్లినే తల దించుకుంది. అంతటితో ఆపారా?

“ఎక్కడో దాచిన పాపముందమ్మా. అందరి ముందూ ఒప్పుకో. దేవుడు దారి తెరుస్తాడు.”

నాకు ఒళ్లు మండిపోయింది. తొందరపడి కేకు చేయించింది ఆయన, తప్పు చేసింది ఈమెనా? దేవుడేమైనా ఈయన కింద పనిచేస్తున్నాడా, ఫలానా తేదీకి పని ముగించమని చెప్పడానికి? లేచి అదే అనేశాను. చదువు మధ్యలో వదిలేసినవాడివి నువ్వు చెప్పొచ్చావా, కూర్చోమన్నారు.

అప్పుడు అక్క లేచింది. మైకు ఎవరూ ఇవ్వలేదు.

“అంకుల్, లైసెన్స్ ఇప్పిస్తానని దేవుడు నాకు మాటివ్వలేదండి. తోడుంటానన్నాడు. పొద్దున కార్లో ఉన్నాడు. ఫెయిలని చెప్పినప్పుడు కూడా దిగిపోలేదు. నాది నిదానమే. ఆయనకి లేని తొందర మీకెందుకండి?”

చప్పట్లు లేవు. అక్కే చాకు తీసుకుని కేకు కోసింది. మొదట చక్రాలున్న ముక్కను అంకుల్ పళ్లెంలో పెట్టింది.

షిఫ్ట్ వేరేవాళ్లకు పోయింది. ఆ కబురు విన్నరోజు అక్క ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని డ్యూటీకి బస్సెక్కింది. అదిగో చూశారా, ఎదురు మాట్లాడినందుకు శిక్ష అన్నవాళ్లు మా ఫెలోషిప్‌లో ఉన్నారు. నేను మళ్లీ ఆ బేస్‌మెంట్ మెట్లు దిగలేదు. అక్క మాత్రం వెళుతూనే ఉంది. అందుకూ నాకు కోపమే. అడిగితే, నాకు అంకుల్‌తో పేచీ గానీ దేవుడితో కాదు కదా అంటుంది.

మంచు కరిగాక నాలుగో టెస్ట్. నిన్న ప్రాక్టీస్‌కి తీసుకెళ్లాను. అదే కూడలి. మా తర్వాత వచ్చిన పికప్ ట్రక్కు ముందుకు ఉరకబోయింది. ఇప్పుడు చెయ్యి ఊపుతుందని పళ్లు కొరుక్కున్నాను. అక్క అటూ ఇటూ చూసింది.

“ఇది నా వంతే కదా, తమ్ముడూ,” అని ట్రక్కును అక్కడే ఆపి కారు పోనిచ్చింది. మెల్లగానే.